తూకానికి పోకముందే: పాత గాలపు రీళ్లు సేకరించడం ఎలా

పలమనేరులో ఒక గుజిరీ అంగడి ముందు ఇత్తడి కుప్ప పోసి ఉంది. సొట్టలు పోయిన బిందెలు, విరిగిన కుళాయిలు, కాళ్లు ఊడిన దీపపు సెమ్మెలు. వాటి అడుగున కుంకుమ భరిణె కంటే కాస్త పెద్దదిగా, గుండ్రంగా ఒక వస్తువు కనిపించింది. పక్కన చిన్న పిడి ఉంది. తిప్పితే లోపల్నుంచి కిర్రుమని సన్నటి శబ్దం వచ్చింది. "దారం చుట్టే మిషనేమో సామీ, ఇత్తడి లెక్కన తీసకపోండి" అన్నాడు అంగడాయన. కోలారు బంగారు గనుల వైపు నుంచి వచ్చిన లోడులో ఉందట. తూకం వేస్తే అర కిలో కూడా లేదు. అది చేపల గాలానికి బిగించే రీలు అని ఇంటికొచ్చి నలుగురిని అడిగాక గానీ తెలియలేదు.

ఆ రోజు నేను అటు పోకపోయుంటే అది నెల తిరక్కుండా కరిగి కడ్డీ అయ్యుండేది. ఇది జరిగి పద్దెనిమిదేళ్లయింది. అప్పట్నుంచి చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల తిరుగుతూ పాత రీళ్లు, వాటిని బిగించే వెదురు రాడ్లు, అంటే గాలపు కర్రలు, గాలాల డబ్బాలు పోగేస్తున్నాను. మన దగ్గర ఇవి ఎక్కువ దొరకవు. దొరికేవి కూడా ఏటా కొన్ని కొలిమిలోకి పోతున్నాయి. మీరూ మొదలుపెడితే ఇంకొన్ని మిగులుతాయన్న ఆశతో, నాకు తెలిసిందంతా వరుసగా రాస్తున్నాను.

ముందు నాలుగు రకాలు గుర్తుపట్టండి

రీలు చూడగానే అది ఏ రకమో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. మొదటిది సెంటర్‌పిన్. ఇది బావి గిలక లాంటిది. ఒక ఇరుసు, దాని మీద తిరిగే స్పూల్, అంటే దారం చుట్టుకునే చక్రం. పిడి ఒక చుట్టు తిప్పితే స్పూల్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పేరు మీద పిలిచే చెక్క రీళ్లు ఈ జాతివే. వాల్‌నట్ కర్రతో చేసి, వెనక నక్షత్రం ఆకారంలో ఇత్తడి పట్టీ బిగించి ఉంటుంది. అది కనిపిస్తే వదలకండి.

రెండోది ఫ్లై రీల్. లోపలి పనితనం ఇంచుమించు అదే, కాకపోతే ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను నీళ్ల మీద వేసే వేటకు చేసింది. ఈ రకంలో పెద్ద పేరు హార్డీ. స్కాట్లండ్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న చిన్న ఇంగ్లిష్ ఊళ్లో 1872లో తుపాకుల పనితో మొదలైన కంపెనీ అది. రీలు మీద ఆ ఊరి పేరు ఆల్న్‌విక్ అని చెక్కి ఉంటుంది, పలకడం మాత్రం 'అనిక్' అని పలుకుతారు. 1891లో వాళ్లు తెచ్చిన 'పర్ఫెక్ట్' అనే రీలులో స్పూల్ బాల్ బేరింగుల మీద తిరుగుతుంది. సేకరించేవాళ్లు ఎక్కువగా కలలు కనేది ఇత్తడి ముఖం ఉన్న పాత పర్ఫెక్ట్ గురించే.

మూడోది మల్టిప్లయర్. లోపల పళ్ల చక్రాలుంటాయి. పిడి ఒకసారి తిప్పితే స్పూల్ రెండు, మూడు, నాలుగు చుట్లు తిరుగుతుంది. అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాలు చేసే ఆయన 19వ శతాబ్దం తొలి దశకాల్లో ఇలాంటివి తయారుచేశాడు. 1950ల్లో వచ్చిన స్వీడన్ వాళ్ల 'ఆబు అంబాసడర్' ఈ వంశంలోదే. ఆ ఆబు కంపెనీ కూడా 1921లో గడియారాల పనితోనే పుట్టింది. ఈ గడియారాల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నాలుగోది ఫిక్స్‌డ్ స్పూల్. ఇందులో దారం విసిరేటప్పుడు స్పూల్ అసలు తిరగదు. నగరి, పుత్తూరు వైపు మగ్గాలు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నాడెలో పెట్టిన కండె కదలదు, నూలు దాని కొన మీదుగా జారి వస్తుంది. అచ్చం అదే సూత్రం. దీనికి 1905లో పేటెంటు తీసుకున్న ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల కుటుంబం వాడు. నూలు మిల్లుకీ చేపల రీలుకీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అంతకు ముందే, 1884లో, స్కాట్లండ్‌లోని పెర్త్ ఊరి మాలక్ ఒక మధ్యే మార్గం కనిపెట్టాడు. విసిరేటప్పుడు రీలును పక్కకు తిప్పి, కండె లాగా దారం జారనిచ్చి, చుట్టేటప్పుడు మళ్లీ మామూలుగా తిప్పుకోవడం. మెడ తిరిగే రీలు చేతికొస్తే అది మాలక్ రకం కావచ్చు, జాగ్రత్తగా చూడండి.

మన వైపు అన్నిటికంటే ఎక్కువ దొరికేది ఈ నాలుగో రకంలోదే, ఫ్రాన్స్‌లో చేసిన మిచెల్ 300. కోడిగుడ్డు ఆకారం, నల్ల రంగు. ఇవి లక్షల్లో తయారయ్యాయి కాబట్టి పాతది కదా అని ఎక్కువ డబ్బు పెట్టకండి. కానీ మొదటి రీలుగా విప్పి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు.

ఎక్కడ వెతకాలి

తిరుపతిలో చేపల రీళ్లు ఎవరి దగ్గరుంటాయి అని చాలామంది అడుగుతారు. అవి ఎవరి చేతుల్లో ఈ వైపుకి వచ్చాయో ఆలోచిస్తే దారి దొరుకుతుంది.

ఒక దారి కోలారు గనులు. 1880ల నుంచి ఇంగ్లిష్ కంపెనీ అక్కడ బంగారం తవ్వింది. వాళ్ల ఇంజనీర్లు, గని మేస్త్రీలు, వాళ్ల కుటుంబాలు తరాల తరబడి అక్కడే ఉన్నారు. 1956లో గనులు ప్రభుత్వం చేతికొచ్చాయి, 2001లో మూతపడ్డాయి. ఆ బంగళాల సామాను ఇంకా చేతులు మారుతూనే ఉంది. కుప్పం, వి.కోట, పలమనేరు గుజిరీ అంగళ్లకు అక్కడి నుంచి సరుకు వస్తుంది. ఇంకో దారి రైల్వే. రేణిగుంట లాంటి జంక్షన్లలో పనిచేసి రిటైరైన పాత కుటుంబాల అటకల మీద వెదురు రాడ్లు ఉంటాయి. మూడో దారి మద్రాసు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడే దాకా ఇదంతా ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల కింద ఉండేది, దొరలకు సామాను వచ్చేది మద్రాసు నుంచే. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లోనే ఈ దేశంలో గాలం వేట గురించి ఒక పుస్తకం రాశాడు. తర్వాత చెరువుల్లో గాలం వేయడం గురించే ఇంకొకటి రాశాడు. చెరువులకు పేరుపడ్డ జిల్లా మనది. కాబట్టి దొరల రీళ్లు ఇక్కడికి రాకుండా ఉండవు.

చెన్నైకి ఒక శుక్రవారం పోండి. సెంట్రల్‌లో దిగి ఎదురుగా పార్క్ స్టేషన్‌లో తాంబరం వైపు లోకల్ ఎక్కితే పల్లావరం వస్తుంది. అక్కడ శుక్రవారం సంతలో పాత సామాన్లు నేల మీద పరిచి అమ్ముతారు. పొద్దున్నే పోవాలి. ఎండ ఎక్కేసరికి మంచివి డీలర్ల సంచుల్లోకి వెళ్లిపోతాయి. అమ్మేవాళ్లను "రీలు ఉందా" అని అడిగితే సినిమా రీలు అనుకుంటారు. సెల్‌లో ఫోటో పెట్టుకుని చూపించండి.

ఊళ్లో అయితే గుజిరీ అంగళ్లవాళ్లతో స్నేహం చేసుకోవడం తప్ప వేరే మార్గం లేదు. నేను ప్రతి అంగట్లో ఒక రీలు బొమ్మ, నా నంబరు రాసిన కార్డు ఇచ్చి వస్తాను. ఇత్తడి తూకం ధర కంటే ఎక్కువ ఇస్తానని గట్టిగా చెబుతాను, చెప్పిన మాట తప్పను. చేతికొచ్చింది పనికిరానిదైనా పిలిచినందుకు కాఫీ డబ్బులు ఇచ్చి వస్తాను. ఒక్కసారి బేరం మరీ కిందికి లాగారంటే మళ్లీ మీకు ఫోన్ రాదు. వస్తువు విలువ తెలిసి కూడా అవతలివాడికి తెలియదు కదా అని కారుచౌకగా కొట్టేయడం నాకు ఇష్టం లేదు. ముఖ్యంగా ఇంట్లో పెద్దాయన పోయి, ఆయన సామాను తీసేస్తున్న కుటుంబం దగ్గర అలా చేయకండి. అది ఎంతకు పోగలదో చెప్పి, మీరు ఎంత ఇవ్వగలరో చెప్పండి. చాలామంది సంతోషంగా మీకే ఇస్తారు, దాంతో పాటు ఆయన కథ కూడా చెబుతారు.

చేతిలోకి తీసుకున్నాక

వెలుతురులోకి రండి. జేబులో ఒక చిన్న భూతద్దం ఉంచుకోండి. రీలును పాదం పట్టుకుని ఎత్తండి. పాదం అంటే రాడ్‌కు బిగించే పొడుగాటి పట్టీ. ముందు చూడాల్సింది దాన్నే. పాత యజమాని తన రాడ్‌కు సరిపోక ఆకురాయితో అరగదీసి ఉంటే రెండు కొనలూ ఒకేలా ఉండవు, అంచు మీద గీతలు కనిపిస్తాయి. అరగదీసిన పాదం ఉన్నదానికి ధర తగ్గుతుంది. నాకైతే అది పెద్ద లోపం అనిపించదు, ఎవరో దాన్ని నిజంగా వాడారని గుర్తు.

తర్వాత స్క్రూలు. పాత స్క్రూ తల మీద ఒకే అడ్డగీత ఉంటుంది. ప్లస్ ఆకారపు గాడి ఉన్న స్క్రూలకు హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు వచ్చింది 1936లో. కాబట్టి "ఇది నూరేళ్ల కిందటిది" అంటూ ప్లస్ స్క్రూలున్న రీలు చూపిస్తే, అది కొత్తదైనా కావాలి, మధ్యలో ఎవరో స్క్రూలు మార్చైనా ఉండాలి. గీత పక్కలు చిరిగిపోయి ఉంటే చేతగాని చేతులు విప్పాయని అర్థం.

ఈ స్క్రూల గురించి ఎందుకు ఇంత చెబుతున్నానంటే, షోకేసుల్లో పెట్టుకోవడానికి కొత్తగా పోతపోసిన ఇత్తడి రీళ్లు సంతల్లో చాలా ఉన్నాయి. దిక్సూచులు, దుర్భిణులతో పాటు అమ్ముతుంటారు. మీద ఏదో ఆమ్లం పూసి నల్లబరిచి ఉంటారు. వాటిని పట్టుకోవడం కష్టం కాదు. నలుపు అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది. నిజంగా వాడిన రీలులో వేళ్లు తగిలే అంచు మెరుస్తుంది, మూలల్లో, రెండు పలకలను కలిపే చిన్న స్తంభాల మొదళ్లలో నలుపు పేరుకుంటుంది. పోత రీలు లోపలి వైపు చిన్న చిన్న గుంటలు, ఇసుక గరుకు ఉంటాయి. స్పూల్ పట్టుకుని ఊపితే గలగలలాడుతుంది. పాత పనివాడు చేసిన దాంట్లో స్పూల్‌కీ చట్రానికీ మధ్య కాగితం దూరేంత సందు మాత్రమే ఉంటుంది, కారణం సులభం. సందు ఎక్కువుంటే సన్నటి దారం అందులోకి పోయి ఇరుక్కుంటుంది, చేప తెంపుకుని పోతుంది. షోకేసు కోసం చేసినవాడికి ఆ టెన్షన్ లేదు.

ఇప్పుడు పిడి తిప్పండి, కళ్లు మూసుకుని వినండి. ఆ కిర్రుమనే శబ్దాన్ని చెక్ అంటారు. పళ్ల చక్రం మీద ఒక నాలుక లాంటి ముక్క స్ప్రింగుతో ఆని తడుతుంటుంది. శబ్దం సమంగా వస్తే లోపల బాగున్నట్టు. మూడు టకటకల తర్వాత ఒకటి తప్పితే పన్ను విరిగింది. అసలు శబ్దమే లేకపోతే స్ప్రింగ్ పోయి ఉంటుంది, లేదా ఆముదం లాంటి నూనె గడ్డకట్టి ఉంటుంది. రెండోదైతే అదృష్టమే.

పేరు కోసం వెనక పలక, పాదం అడుగు, స్పూల్ లోపలి వైపు చూడండి. తయారుచేసిన కంపెనీ పేరే ఉండాలని లేదు, అమ్మిన అంగడి పేరు కూడా ఉంటుంది. లండన్‌లోని ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్‌కు బొంబాయి, కలకత్తాల్లో శాఖలుండేవి. వాళ్ల పేరున్న రీళ్లు మన దేశంలో దొరుకుతాయి. కలకత్తా తుపాకుల వ్యాపారులు మాంటన్ వాళ్ల పేరుతోనూ ఉన్నాయి. హార్డీ రీళ్లలో లోపల పనివాడి పొడి అక్షరాలు రెండు చిన్నగా గుద్ది ఉంటాయి. చెక్ ఆకారాన్ని బట్టి ఏ కాలానిదో చెబుతారు, '1912 చెక్' అని ఒక రకానికి పేరే పడిపోయింది. సైజు అడిగితే వెనక పలక అడ్డకొలత అంగుళాల్లో చెప్పాలి.

చింతపండు ముట్టుకోకండి

ఇది నేను చేసిన తప్పు. పలమనేరు రీలు ఇంటికి తెచ్చిన రోజు దాని వెనక పలక మీద రెండు వరుసల అక్షరాలు మసకగా ఉన్నాయి. కింది వరుసలో 'కలకత్తా' అన్న ఇంగ్లిష్ అక్షరాలు భూతద్దంతో చదవగలిగాను. పై వరుస మసి కింద ఉంది. శుభ్రం చేస్తే కనిపిస్తుంది కదా అని చింతపండు, ఉప్పు పెట్టి కొబ్బరి పీచుతో రుద్దాను. ఇంకా మెరవాలని పాత్రలు పాలిష్ చేసే చోటికి తీసుకుపోయి మిషన్ మీద పట్టించాను. బంగారంలా మెరిసింది. పై వరుస పూర్తిగా పోయింది. 'కలకత్తా'లో మూడు అక్షరాలు మిగిలాయి. దాన్ని అమ్మిన అంగడి పేరు ఇక ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఆ రీలు చేతిలోకి తీసుకుంటే మనసు చివుక్కుమంటుంది.

పూజ సామాన్లు మెరవాలి, అది వేరు. పాత రీలు మీద ఉన్న ముదురు గోధుమ రంగు మురికి కాదు. చాలా రీళ్లకు ఎండ తగిలి మెరిసి చేపలు బెదరకుండా కార్ఖానాలోనే నల్లటి పూత వేసేవాళ్లు. దాన్ని గోకేస్తే మళ్లీ రాదు. కాబట్టి చింతపండు, నిమ్మకాయ, ఇటుక పొడి, అంగట్లో దొరికే ఇత్తడి పొడులు, ఉప్పు కాగితం ఏవీ వద్దు.

చేయాల్సింది ఇంతే. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. పాత గుడ్డను కిరోసిన్‌లోనో, టర్పెంటైన్‌లోనో తడిపి, బాగా పిండి, పైపైన తుడవండి. గడ్డకట్టిన జిడ్డును చీపురు పుల్ల కొనతో మెల్లగా తీయండి. పచ్చటి చిలుము పట్టిన చోట ఒక చుక్క మిషన్ నూనె వేసి ఒక రాత్రి వదిలి, పొద్దున వెదురు పుల్లతో గీకితే వస్తుంది. రాకపోతే మళ్లీ నూనె, మళ్లీ ఒక రాత్రి. తొందర పడకండి.

నల్లటి పలకలున్న రీళ్లు వస్తాయి, అది ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. దీన్ని నీళ్లతో కడగకండి, ఎండలో అస్సలు పెట్టకండి. వెలుతురుకు, తడికి దాని నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. మన వైపు ఏప్రిల్, మే ఎండలో కిటికీ పక్కన షెల్ఫులో పెట్టినా చాలు, పాడైపోతుంది.

విప్పడం

అవసరం ఉంటేనే విప్పండి. ముందు ప్రతి వైపు ఫోటో తీయండి, విప్పే ప్రతి అడుగుకూ ఒకటి. అంచులున్న తెల్లటి పళ్లెం ముందు పెట్టుకోండి. హార్డీ పర్ఫెక్ట్ తెరిచేటప్పుడు బేరింగు గుండ్లు ఆవగింజల్లా జారి పడతాయి, ఒక్కటి పోయినా అదే కొలతది దొరకడం చాలా కష్టం.

స్క్రూ గీతలో స్క్రూడ్రైవర్ మొన అటూ ఇటూ కదలకుండా కూర్చోవాలి. కదిలితే అది ఆ స్క్రూకు సరిపోయేది కాదు. రాకపోతే బలం పెట్టకండి. నూనె వేసి రెండు రోజులు ఆగండి. కొన్నిటికి మరలు ఎడమ వైపు తిరిగి ఉంటాయి, కాబట్టి మొండికేసినప్పుడు అటు కూడా మెల్లగా ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే, ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి పోండి. స్నైడర్ చేసింది గడియారాలు, ఆబు మొదలైంది గడియారాలతో, మిచెల్ పుట్టిన క్లూజ్ ఊరు కూడా గడియారాల పనికి పేరుపడ్డదే. చిన్న పళ్ల చక్రాలు, సన్నటి స్ప్రింగులు ఆ చేతులకు కొత్త కాదు. తిరుపతిలో నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడు. వాచీలకు గిరాకీ తగ్గింది, కానీ చెక్ స్ప్రింగ్ విరిగిందని తీసుకుపోతే పాత గోడ గడియారం స్ప్రింగులోంచి ముక్క కత్తిరించి, ఆకురాయితో సాపు చేసి, గంటలో కూర్చోబెట్టాడు. పాత ముక్కను కాగితంలో చుట్టి నాకే ఇచ్చాడు. మీరూ అలాగే చేయండి, తీసేసిన ఏ ముక్కనూ పారేయకండి.

మళ్లీ బిగించేటప్పుడు ఇరుసుకు ఒక చుక్క కుట్టు మిషన్ నూనె చాలు. కొబ్బరినూనె, వంట నూనె వద్దు, అవి బంకగా మారతాయి. స్పూల్ మీద పాత నైలాన్ దారం గట్టిగా చుట్టి ఉంటే తీసేయండి. సాగి బిగిసిన నైలాన్ స్పూల్ అంచులను బయటికి తోస్తూనే ఉంటుంది, ప్లాస్టిక్, బేకలైట్ స్పూళ్లయితే పగులుతాయి కూడా. పట్టు దారం అయితే కత్తిరించకుండా అలాగే దాచండి.

రాడ్లు, చిన్న సామాన్లు

వెదురును పొడుగ్గా చీల్చి, ఆరు పట్టీలను అతికించి చేసిన రాడ్లను స్ప్లిట్ కేన్ అంటారు. చైనా టాంకిన్ వెదురు రాకముందు వీటికి వాడింది 'కలకత్తా కేన్', అంటే మన దేశపు వెదురే. అక్కడికి పోయి రాడ్డై మళ్లీ ఇక్కడికి వచ్చిందన్నమాట. కీళ్ల దగ్గర ఉండే లోహపు గొట్టాలను నిటారుగా లాగండి, మెలితిప్పితే వెదురు చీలుతుంది. గోడకు చేరగిల పెట్టకండి, వంగిపోతుంది. గుడ్డ సంచిలో పెట్టి పై కొన మేకుకు తగిలించండి.

గాలాల తగరపు డబ్బాలు, కాగితం పొట్లాలు కూడా విలువైనవే. ఇంగ్లండ్‌లో సూదులకు పేరుపడ్డ రెడిచ్ ఊరే గాలాలకూ పేరుపడింది. నార్వే ముస్టాడ్ డబ్బాలు ఇప్పటికీ దొరుకుతాయి. పేరు కాగితం చిరగకుండా చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది, ఆ మూడు నెలలు డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలు వేయండి. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన బెండ్లు, పిడులు వేరే డబ్బాలో ఉంచండి. అది మంటను ఇట్టే అందుకుంటుంది, పాతబడి చివికితే పక్కన ఉన్న లోహాన్ని తినేస్తుంది.

ఇంకో మాట. దొరల రీళ్ల మోజులో మన సామాన్లను మర్చిపోకండి. జీలుగు బెండు కట్టిన గాలపు కర్ర, యానాదులు చేపలు పట్టడానికి అల్లే ఊత, మావు, విసురు వలకు కట్టే మట్టి గుండ్లు, ఇవి రీళ్ల కంటే వేగంగా మాయమవుతున్నాయి. వాటికి తూకం ధర కూడా లేదు, పొయ్యిలోకి పోతాయి. శ్రీకాళహస్తి, పులికాట్ వైపు ఇప్పటికీ ఊతలు అల్లేవాళ్లున్నారు. అడిగిన ధర ఇచ్చి కొనండి, అల్లుతుండగా ఫోటోలు తీయడానికి వాళ్లను అడిగి ఒప్పుకుంటే తీయండి.

చట్టం సంగతి

నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అలాంటి వాటిని సొంతంగా విదేశాలకు పంపకూడదు. బయటి దేశం వాడు ఎంత ఆశ పెట్టినా కొరియర్ చేయకండి.

ఏనుగు దంతం ఇంకా పెద్ద విషయం. పాత రీళ్ల పిడులు కొన్ని దంతంతో చేసినవి ఉంటాయి. మన దేశంలో దంతం కొనడం, అమ్మడం నిషేధం. బయటి నుంచి వచ్చిన ఆఫ్రికా దంతానికి కూడా 1991లో చట్టం సవరించి ఈ నిషేధం పెట్టారు. పిడి చివర భూతద్దంతో చూడండి. సన్నటి గీతలు వలలాగా ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తే దంతం, చిన్న చిన్న నల్ల చుక్కలుంటే ఎముక, నారలు పొరలుగా ఉంటే కొమ్ము. సూది కాల్చి గుచ్చి చూడమని కొందరు చెబుతారు, అది చేయకండి, సెల్యులాయిడ్ అయితే భగ్గుమంటుంది. దంతమని అనుమానం వస్తే ఆ రీలు కొనకండి.

పాత సాల్మన్ ఫ్లైలు, అంటే ఈకలతో కట్టిన గాలాలు దొరికితే ఇదే జాగ్రత్త. వాటిలో పసుపు చుక్కలు లక్క పూసినట్టు మెరిసే ఈకలుంటాయి. అవి మన శేషాచలం కొండల్లోనూ తిరిగే బూడిద రంగు అడవి కోడి మెడ ఈకలు. ఒకప్పుడు ఈ దేశం నుంచే ఇంగ్లండ్‌కు పోయేవి. ఆ కోడికి ఇప్పుడు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. తెల్లవారుజామున కొండ కింద దాని కూత వినండి, ఈకలు మాత్రం కొనకండి.

బాగైన రీలును ఒకసారి నీళ్ల దగ్గరికి తీసుకుపోవాలనిపిస్తుంది, తప్పు లేదు. చెరువులు మొరవ పోయిన ఏడాది నేనూ మిచెల్ తీసుకుని చెరువు కట్ట మీద కూర్చుంటాను, జిలేబి చేప ఒకటీ అరా పడుతుంది. కానీ చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సంఘాలకు ఉంటుంది. ముందు వాళ్లను అడగండి. అడవిలోకి, గుడి కోనేర్ల దగ్గరికి గాలం తీసుకుపోకండి.

నోటు పుస్తకం

రీలు ఇంటికొచ్చిన రోజే రాయండి. తర్వాత రాద్దాంలే అనుకుంటే మరిచిపోతాం. ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారు, వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది, అడ్డకొలత, బరువు, మీద ఉన్న ప్రతి అక్షరం, లేని స్క్రూలు, మీరు మార్చిన ముక్కలు. ఒక పెద్దావిడ తన మామగారి రాడ్ ఇస్తూ, ఆదివారం చర్చి నుంచి రాగానే టోపీ తీయకుండానే ఆయన చెరువుకు పోయేవాడని చెప్పింది. ఆ వాక్యం కూడా నా పుస్తకంలో రాడ్ కొలతల పక్కనే ఉంది. చీటీ ఒకటి రాసి వస్తువుకు నూలు దారంతో కట్టండి, గమ్ము టేపు అంటించకండి.

చివరగా ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. నాకు దొరికిన మంచి రీళ్లన్నీ సేకరించిన మనిషి పోయాక, ఇంట్లోవాళ్లకు అవేంటో తెలియక బయటికొచ్చినవే. నా పెట్టె మూత లోపలి వైపు ఒక కాగితం అంటించాను. ఏ రీలు ఏమిటి, ఎవరిని అడిగితే సరైన ధర చెబుతారు, ఏవి అమ్మకూడదు అని అందులో ఉంది. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో, "తూకానికి వేయొద్దు" అని మా అమ్మాయి చేత్తోనే రాయించాను.